చచ్చిన ఎలుక చెప్పిన సంగతి

ఇంటిలో ఎలుక చచ్చిపడితే తోక పట్టి వీధిలోకి విసరివేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ చిన్న పనిలో ఎంతటి ప్రమాదం దాగి ఉండవచ్చునో తెలుసుకొనేలోగా మన దేశం లక్షలాది ప్రాణాలను కోల్పోయింది.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవు సమీపాన, ధాన్యపు గిడ్డంగులతో నిండిన మాండ్వీ పేటలో ఒక జ్వరం వ్యాపించింది. రోగుల గజ్జలలో, చంకలలో గడ్డలు లేచేవి. డాక్టర్ వియెగాస్ దానిని ప్లేగుగా గుర్తించారు. అంతకు రెండేండ్ల క్రితమే, 1894లో, హాంకాంగులో యెర్సిన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ వ్యాధి క్రిమిని కనుగొని ఉన్నాడు. కాని అది ఎలుక నుండి మనిషికి ఏ దారిన వస్తున్నదో నిర్ధారణ కాలేదు.

దారి తెలియని శత్రువుతో యుద్ధం ఎట్లా సాగుతుంది? గోడలకు సున్నం కొట్టించారు. నేలను కార్బాలిక్ ద్రావకంతో తడిపారు. రోగుల పక్కబట్టలు తగులబెట్టారు. 1897లో వచ్చిన అంటురోగాల చట్టం అధికారులకు విశేషాధికారాలు ఇచ్చింది. పూనాలో సైనికులు ఇల్లిల్లూ సోదా చేశారు. స్త్రీల మర్యాద, పూజాగృహాల పవిత్రత కూడ పాటించలేదని ప్రజలు ఆగ్రహించారు. ఆ జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు అధికారి రాండ్‌పై కాల్పులు జరిగాయి. ఆ గాయాలతోనే ఆయన మరణించాడు. ఇంత జరిగినా వ్యాధి తగ్గలేదు.

చిత్రమేమంటే, హిమాలయ సానువులలోని కుమావూ, గఢ్వాల్ గ్రామస్థులకు ఈ విషయంలో సగం సత్యం అంతకు ముందే తెలుసు. ఇంటిలో ఎలుకలు రాలడం మొదలు కాగానే వారు ఇండ్లు విడిచి, దూరంగా పాకలు వేసుకొని ఉండేవారు. వారు దానిని మహామారి రాకకు సూచనగా భావించారు.

మిగిలిన సగం 1898 జూన్ 2న కరాచీలో బయటపడింది. పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్లేగు సోకిన ఇంటిలో దొరికిన ఎలుకను, దాని ఒంటిమీది ఈగుళ్ళతో సహా, పెద్ద గాజుజాడీలో ఉంచాడు. ఈగుళ్ళు అంటే కుక్కల, పిల్లుల ఒంటిపై కూడ ఎగిరిపడే చిన్న రెక్కలులేని పురుగులు. ఆరోగ్యంగా ఉన్న మరొక ఎలుకను ఇనుపవల పంజరంలో పెట్టి ఆ జాడీలోనే వ్రేలాడదీశాడు. రెండూ ఒకదానినొకటి తాకే అవకాశం లేదు. మొదటిది చచ్చింది. అయిదు దినాలకు పంజరంలోనిది కూడ జబ్బుపడి చచ్చింది. దాని శరీరంలో ప్లేగు క్రిములు కనిపించాయి. ఎలుక చచ్చి చల్లబడగానే ఈగుళ్ళు దానిని విడిచి, మరొక వెచ్చని రక్తాన్ని వెదుక్కొంటూ పోతున్నాయన్నమాట.

ఈ మాటను చాలామంది వెంటనే నమ్మలేదు. 1905 నుండి బొంబాయిలో ప్లేగు పరిశోధక సంఘం చేసిన ప్రయోగాలతో సందేహం తీరింది. ప్లేగు ఇండ్లలో ఉంచిన జంతువులలో, ఈగుళ్ళు దూరలేని సన్నని వల గల పంజరాలలోనివి బ్రతికాయి. ఈ లోగా వ్యాధి దేశమంతటా ప్రాకింది; 1911లో హైదరాబాదు నగరం కూడ దాని వాత పడింది. మూడు దశాబ్దాలలో దేశంలో కోటిమందికి పైగా మరణించారు.

ఈ చరిత్ర నుండి గృహస్థు గ్రహించవలసినది ఒక వరుసక్రమం. ప్లేగు భయం ఉన్నచోట ముందు ఈగుళ్ళను చంపి, తరువాతనే ఎలుకలను చంపాలి. క్రమం తప్పితే, ఆశ్రయం కోల్పోయిన ఈగుళ్ళు మనుష్యులపైకి వస్తాయి. 1994లో మహారాష్ట్రలోని బీడు జిల్లాలో, గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు మరల కనిపించింది. కనుక ఇది గతించిన కథ అనుకోరాదు. నేడు తగిన మందులున్నాయి, కాని అవి ఆలస్యం లేకుండా అందాలి.

చచ్చిన ఎలుకను వట్టి చేతితో తాకవద్దు. చేతికి తొడుగు వేసుకొని, క్రిమిసంహారక ద్రావకంతో తడిపి, సంచిలో మూటగట్టి పారవేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఎలుకల మందును పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనీయరాదు. ధాన్యం నిలువచేసే గింజల మాత్రలను ఎలుకల కోసం నివాసగృహంలో ఎన్నడూ వాడరాదు. వాటి నుండి వెలువడే వాయువు నిద్రించేవారి ప్రాణాలు తీయగలదు. ఒకేసారి అనేక ఎలుకలు కారణం తెలియకుండా చస్తే, ఊడ్చివేసి ఊరుకోక ఆరోగ్యశాఖవారికి తెలుపవలె. కుమావూ పల్లెవాసులు ఆ హెచ్చరికను విన్నారు. మనమూ వినడం మంచిది.