మాంట్రియాల్ కెనేడియన్స్: ఒక ఐస్ హాకీ క్లబ్బు విజయచరిత్రలో భాషా అస్తిత్వం

వ్యాససంగ్రహం

కెనడాలోని మాంట్రియాల్ నగరానికి చెందిన ‘కెనేడియన్స్’ ఐస్ హాకీ క్లబ్బు 1909లో ఏర్పడింది. 1916 నుంచి 1993 వరకు 24 సార్లు స్టాన్లీ కప్పు గెలుచుకుంది. ఆ కప్పును ఇన్నిసార్లు గెలిచిన క్లబ్బు మరొకటి లేదు. ఈ విజయచరిత్రను క్వెబెక్‌లోని ఫ్రెంచి భాషీయుల సామాజికచరిత్రతో జోడించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వ్యాపారావసరం కోసం పుట్టిన క్లబ్బును ఒక భాషాసమాజం తన సొంత సంస్థగా ఎట్లా భావించింది, ఆ భావన క్లబ్బు మీద ఎటువంటి బాధ్యతను మోపింది అన్నవి ఇందులోని ప్రధానాంశాలు.

కీలకపదాలు: ఐస్ హాకీ, మాంట్రియాల్, క్వెబెక్, భాషా అస్తిత్వం, మోరిస్ రిషార్, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం

మనకు హాకీ అనగానే మైదానంలో ఆడే ఆట గుర్తుకు వస్తుంది. కెనడాలో మాత్రం ఆ మాటకు ఐస్ హాకీ అనే అర్థం. గడ్డకట్టిన మంచుతలం మీద జట్టుకు ఆరుగురు చొప్పున, కాళ్లకు స్కేట్లు తొడుక్కుని, ‘పక్’ అనే గట్టి రబ్బరుబిళ్లను కర్రతో ప్రత్యర్థి గోలులోకి కొట్టడం ఈ ఆట స్వరూపం. గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ 1892లో ప్రకటించిన కప్పు ఈ క్రీడలో అత్యున్నత పురస్కారం. ప్రధాన వృత్తిక్రీడాసంస్థ అయిన నేషనల్ హాకీ లీగ్ 1917లో ఏర్పడింది. అంటే కెనేడియన్స్ క్లబ్బు ఆ లీగు కంటే ఎనిమిదేళ్లు పెద్దది.

ఇరవయ్యో శతాబ్ది ప్రథమార్ధంలో మాంట్రియాల్ జనాభాలో ఫ్రెంచి మాతృభాషగా గలవారే ఎక్కువ. అయినప్పటికీ బ్యాంకులు, పెద్ద వాణిజ్యసంస్థలు, కర్మాగారాల్లోని పైస్థాయి ఉద్యోగాలు ప్రధానంగా ఇంగ్లీషు భాషీయుల చేతుల్లో ఉండేవి. సంఖ్యాబలానికీ ఆర్థికబలానికీ మధ్య ఉన్న ఈ అంతరాన్ని దృష్టిలో ఉంచుకోకపోతే ఈ క్లబ్బు చరిత్ర కేవలం కప్పుల జాబితాగా మిగిలిపోతుంది.

2. స్థాపన: వ్యాపారావసరం, భాషాముద్ర

ఫ్రెంచి భాషీయుల జట్టుగా పేరుపొందిన ఈ క్లబ్బును స్థాపించినవాడు ఫ్రెంచి భాషీయుడు కాడు. ఆంటారియో రాష్ట్రంలోని రెన్‌ఫ్రూకు చెందిన గనుల వ్యాపారి కుటుంబీకుడు ఆంబ్రోజ్ ఓబ్రయన్. ఆయన జట్టును అప్పటి ప్రముఖ హాకీ సంఘం చేర్చుకోలేదు. దానితో ఆయన మరికొందరితో కలిసి నేషనల్ హాకీ అసోసియేషన్ అనే పోటీసంఘాన్ని నెలకొల్పాడు. మాంట్రియాల్‌లోని ఫ్రెంచి ప్రేక్షకులను ఆకర్షించగల జట్టు ఒకటి ఈ కొత్త సంఘానికి అవసరమైంది. ఆ విధంగా 1909 డిసెంబరు 4న ‘లె కెనేడియన్’ జట్టు ఏర్పడింది. వీలైనంత త్వరలో దీనిని ఫ్రెంచి భాషీయుల యాజమాన్యానికి అప్పగించాలన్నది నాటి ఆలోచన. 1910 జనవరి 5న కోబాల్ట్ జట్టుతో ఆడిన తొలి ఆటలో 7-6 తేడాతో గెలిచింది.

క్లబ్బు పేరు గమనార్హమైనది. ఆ కాలంలో క్వెబెక్‌లోని ఫ్రెంచివారు ‘కెనేడియన్’ అనే మాటను తమకే వర్తింపజేసుకునేవారు. ఇతరులు వారి దృష్టిలో ‘ఇంగ్లీషువారు’. కనుక ఈ పేరు నాడు సూచించినది దేశాన్ని కాదు, భాషాసమూహాన్ని. జట్టుకు వాడుకలో ఉన్న ‘హాబ్స్’ అనే ముద్దుపేరు కూడా ‘హాబితాఁ’ అనే మాట నుంచి వచ్చింది. దానికి పూర్వపు ఫ్రెంచి వలసరాజ్యంలో భూమి సాగుచేసుకున్న రైతు అని అర్థం.

తొలి సంవత్సరాల్లో ఫ్రెంచి ఆటగాళ్లను తీసుకోవడంలో ఈ క్లబ్బుకు ప్రత్యేకహక్కు ఉండేది. షికూటిమీ పట్టణం నుంచి వచ్చిన గోలుకీపరు జార్జ్ వెజినా, ముందువరుస ఆటగాడు దిదియే పిత్ర్ ఆ తరానికి చెందినవారు. 1916లో పోర్ట్‌లాండ్ జట్టును ఓడించి క్లబ్బు తొలి స్టాన్లీ కప్పును సాధించింది. అయితే జట్టు ఎంతోకాలం ఏకభాషారూపంలో ఉండలేదు. 1920లలో అభిమానులు అమితంగా ఆరాధించిన హావీ మోరెంజ్ ఆంటారియోలో పుట్టినవాడు. 1924లో ఇంగ్లీషు ప్రేక్షకుల కోసం ‘మరూన్స్’ అనే మరో జట్టు నగరంలో వెలిసింది. ఆర్థికమాంద్యం ధాటికి అది 1938లో అంతరించింది. అటు తరువాత రెండు భాషలవారికీ కెనేడియన్స్ ఒక్కటే మిగిలింది.

3. 1955 మార్చి 17

మోరిస్ రిషార్ 1942లో జట్టులో చేరాడు. రైల్వే కర్మాగార కార్మికుడి కొడుకు. 1944-45లో 50 ఆటల్లో 50 గోలులు చేసి అంతవరకు ఎవరూ అందుకోని సంఖ్యను చేరుకున్నాడు. లీగు అధ్యక్షుడు క్లారెన్స్ కాంప్‌బెల్ ఇంగ్లీషు భాషీయుడు. ఒక ఫ్రెంచి వారపత్రికలో నిర్వహించిన శీర్షికలో కాంప్‌బెల్‌ను తీవ్రంగా విమర్శించినందుకు 1954లో రిషార్ క్షమాపణ చెప్పి, ఆ శీర్షికను మానుకోవలసి వచ్చింది.

1955 మార్చి 13న బోస్టన్‌లో ఆట సందర్భంగా ప్రత్యర్థి కర్ర తగిలి రిషార్ తలకు గాయమైంది. కోపోద్రిక్తుడైన రిషార్ ప్రత్యర్థిని కర్రతో కొట్టాడు. అడ్డుకున్న లైన్స్‌మన్ మీద కూడా చేయి చేసుకున్నాడు. ఆ ఏడాది మిగిలిన ఆటలన్నింటి నుంచీ, స్టాన్లీ కప్పు పోటీల నుంచీ అతనిని కాంప్‌బెల్ బహిష్కరించాడు. మార్చి 17న డెట్రాయిట్‌తో జరిగిన ఆటకు కాంప్‌బెల్ స్వయంగా హాజరయ్యాడు. ప్రేక్షకులు అతని మీద గుడ్లు, టమాటాలు విసిరారు. ఇంతలో ఎవరో బాష్పవాయుగోళాన్ని పేల్చారు. ఆట ఆగిపోయింది. జనం సెయింట్ కేథరీన్ వీధిలో దుకాణాల అద్దాలు పగలగొట్టి లూటీలకు దిగారు. శాంతించమని రిషార్ మరునాడు ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల్లో విజ్ఞప్తి చేశాడు.

ఈ ఘటనను భాషాసమాజపు ఆత్మగౌరవప్రశ్నగా వ్యాఖ్యానించినవారిలో ‘లె దెవ్వార్’ పత్రికకు చెందిన ఆంద్రే లొరాందో ముఖ్యుడు. మార్చి 21న ప్రచురితమైన వ్యాసంలో ఆయన జనాగ్రహాన్ని ఆటకు మించిన అవమానభావంతో ముడిపెట్టాడు. 1960లో క్వెబెక్‌లో ఆరంభమైన ‘ప్రశాంత విప్లవం’ అనే సంస్కరణయుగానికి ఈ అల్లరే నాంది అనడం పరిపాటి. ఈ నిర్ధారణను యథాతథంగా స్వీకరించలేం. సంప్రదాయాధిపత్యాన్ని ధిక్కరించిన కళాకారుల ప్రకటన ‘రెఫ్యూ గ్లోబాల్’ 1948 నాటిది, ఆస్బెస్టాస్ గనికార్మికుల సమ్మె 1949 నాటిది. అసంతృప్తి అప్పటికే ఉంది. హాకీ దానిని పుట్టించలేదు, చదువుతో నిమిత్తం లేకుండా అందరికీ కనిపించే రూపాన్ని ఇచ్చింది. క్లబ్బుకు సాంస్కృతికప్రాధాన్యం లభించింది ఈ కారణం చేతనే.

4. విజయమూలం: ప్రత్యేకహక్కా, వ్యవస్థా?

కెనేడియన్స్ 1956 నుంచి 1960 వరకు వరుసగా ఐదుసార్లు కప్పు గెలిచారు. ఫ్రెంచి ఆటగాళ్లందరినీ ముందుగా ఎంచుకునే హక్కు ఉన్నందువల్లనే క్లబ్బు ఇన్ని విజయాలు సాధించిందనే వాదం ప్రచారంలో ఉంది. కాలక్రమం ఈ వాదాన్ని సమర్థించదు. కొత్త ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే ‘డ్రాఫ్ట్’ పద్ధతి మొదలైనదే 1963లో. అందులో ఇద్దరు క్వెబెక్ ఫ్రెంచి యువకులను ముందుగా తీసుకునే వెసులుబాటు కెనేడియన్స్‌కు కొంతకాలం ఉన్నమాట నిజమే. అది 1969తో ముగిసింది. ఐదు వరుసవిజయాలు డ్రాఫ్ట్‌కు పూర్వపువి. 1976 నుంచి 1979 వరకు సాధించిన నాలుగు వరుసవిజయాలు ఆ వెసులుబాటు రద్దయిన తరువాతివి.

అసలు కారణం వ్యవస్థానిర్మాణంలో ఉంది. 1946లో మేనేజరుగా వచ్చిన ఫ్రాంక్ సెల్కీ కెనడా అంతటా యువజట్లను పోషించి, అక్కడ తయారైన ఆటగాళ్లను మాంట్రియాల్‌కు రప్పించాడు. జాఁ బెలివోను దక్కించుకోవడానికి 1953లో క్లబ్బు అతడు ఆడుతున్న లీగునే కొనివేసింది. 1955 అల్లర్ల తరువాత శిక్షకుడిగా నియమితుడైన టో బ్లేక్ ఒకప్పుడు రిషార్ సరసన ఆడినవాడు. తల్లి ఫ్రెంచి కెనేడియన్ కావడంతో రెండు భాషలూ ధారాళంగా మాట్లాడేవాడు. ఆయన 13 ఏళ్లలో ఎనిమిది కప్పులు సాధించాడు. నాటి జట్టులో రిషార్, బెలివో, ప్లాంత్‌లతో పాటు డగ్ హార్వీ, డికీ మూర్ వంటి మాంట్రియాల్ ఇంగ్లీషు యువకులూ ఉన్నారు.

1964లో సెల్కీ స్థానంలోకి వచ్చిన శామ్ పొలాక్ ఇతర క్లబ్బుల డ్రాఫ్ట్ వంతులను ముందుచూపుతో సేకరించాడు. 1971లో గీ లఫ్లూర్ దక్కింది అట్లాగే. 1976-77లో 80 ఆటల్లో జట్టు ఓడినవి ఎనిమిది మాత్రమే.

5. యాజమాన్యం, జవాబుదారీతనం

యాజమాన్యం పలుమార్లు చేతులు మారింది. 1921లో లియో దాందురాఁ బృందం 11,000 డాలర్లకు క్లబ్బును కొన్నది. 1957లో అది ఇంగ్లీషు భాషీయులైన మోల్సన్ కుటుంబానికి చెందింది. 2009లో మళ్లీ ఆ కుటుంబమే దానిని కొనుగోలు చేసింది. ఎవరు యజమాని అయినప్పటికీ ప్రజలు క్లబ్బును భాషావిషయంలో ప్రశ్నిస్తూనే వచ్చారు. 2011 డిసెంబరులో ఫ్రెంచి రాని రాండీ కనీవర్త్‌ను తాత్కాలిక శిక్షకుడిగా నియమించినప్పుడు తీవ్రనిరసన వ్యక్తమైంది. 2021 మే 10న ఎడ్మంటన్‌తో ఆడిన జట్టులో క్వెబెక్‌లో పుట్టిన ఆటగాడు ఒక్కడూ లేడు. క్లబ్బు చరిత్రలో అట్లా జరగడం అదే మొదటిసారి. అదే ఏడాది కెనేడియన్స్ స్టాన్లీ కప్పు తుదిపోరుకు చేరుకుని టాంపా బే చేతిలో ఓడిపోయారు. ఆ తరువాత కొద్ది నెలలకే క్వెబెక్ ప్రభుత్వం రాష్ట్రంలో హాకీ అభివృద్ధిని పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించింది. తుదిపోరుకు చేరిన ఘనత ఆ లోటును కప్పిపుచ్చలేకపోయిందని దీనివల్ల స్పష్టమవుతున్నది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. కెనేడియన్స్ క్లబ్బుకు భాషాముద్ర వేసినది వ్యాపారదృష్టి. ఆ ముద్రకు అర్థం కల్పించినది ప్రజలు. విజయాలకు కారణం భాషాపరమైన ప్రత్యేకహక్కు కాదు, యువక్రీడాకారులను పెంచిన వ్యవస్థ. ఆ వ్యవస్థ స్థానికులకూ ఇతరులకూ కలిసి చోటిచ్చినంతకాలం విజయం, అస్తిత్వం పరస్పరపోషకాలయ్యాయి. నేడు ఆటగాళ్లు ప్రపంచమంతటి నుంచీ వస్తున్నారు. ఈ పొందిక దానంతట అదిగా సిద్ధించే స్థితి లేదు. 2000లో రిషార్ మరణించినప్పుడు క్వెబెక్ ప్రభుత్వం అధికారలాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఒక క్లబ్బు ఆటగాడికి దక్కిన ఆ గౌరవం, దస్తావేజుల్లోని యాజమాన్యం కంటే భాషాసమాజపు స్వామ్యభావన లోతైనదని నిరూపిస్తున్నది. అటువంటి భావనకు పాత్రమైన సంస్థ ఆ సమాజానికి జవాబు చెప్పుకోక తప్పదు. కెనేడియన్స్ విషయంలో ఆ జవాబుకు కప్పుల సంఖ్య ఒక్కటే చాలదు.