బియ్యం డబ్బాలో మాత్రలు

షుగరు కన్నా దాన్ని దాచిపెట్టుకోవడమే ఆమెను ఎక్కువగా తినేసింది. ఈ కథలోని ఆత్రేయపురం ఇల్లాలు ఒక్క మనిషి కాదు. కోనసీమలో ఈ జబ్బుతో కాపురం చేస్తున్న ఎందరినో కలిపి అల్లిన పాత్ర. తర్వాత వచ్చే ఎలిజబెత్ మాత్రం చరిత్రలో ఉన్న మనిషే.

"అత్తయ్యా, మీ కాలు!"

కోడలు కేక వేసేదాకా ఆమెకు తెలియనే లేదు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు భగ్గున మండుతోంది. పొయ్యిలోంచి జారిన నిప్పు పాదం అంచున పడి బొబ్బ లేస్తోంది. ఆమె చేతులు మాత్రం వాటి పనిలో అవి ఉన్నాయి. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క ఊపున లాగి, పొరలా లేచిన పూతరేకును చిరక్కుండా తీసి పక్కన పేరుస్తున్నాయి.

"ఏం కాలేదే. చన్నీళ్లు పోస్తే అదే పోద్ది."

"ఇంత కాలితే మంట తెలీలేదా అండీ?"

ఎందుకు తెలియలేదో ఆమెకు తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు.

షుగరని తేలి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాత్రల అట్ట బియ్యం డబ్బా అడుగున ఉండేది. రోజూ చేయి పెట్టే డబ్బాయే అయినా, ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో వారంలో సగం రోజులు మాత్ర మింగేది కాదు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. బావగారికి షుగరొచ్చి కాలివేలు తీసేశాక చుట్టాలంతా ఆయన్ని ఎలా చూశారో ఆమె కళ్లారా చూసింది. పెళ్లి పందిట్లో ఆయన విస్తరి మీదే అందరి కళ్లూ. "ఆయనకి బూరె వెయ్యకండయ్యా, షుగరు!" అని వడ్డించేవాడు బంతి బంతంతా వినేలా అరిచాడు. ఆ మాటకు ఆయన సగం అన్నంలో లేచిపోయాడు. ఇక తన సంగతి తెలిస్తే? పూతరేకులు చేసే మనిషికే పంచదార జబ్బని ఊరంతా నవ్వదూ?

అందుకే ఎవరైనా ఎదురుగా ఉన్నప్పుడు కావాలనే ఒక పూతరేకు నోట్లో వేసుకునేది. "నాకేం రోగం!" అనేది. రక్తపరీక్షకు వెళ్లాల్సి వస్తే రెండు రోజుల ముందు నుంచే కడుపు మాడ్చుకునేది. కాగితం మీద అంకె బాగుంటే చాలు.

కాలిన కాలితో కోడలు ఆమెను కొత్తపేట తీసుకెళ్లింది. డాక్టరు ఒక సన్నటి నైలాన్ దారం తీశారు.

"కళ్లు మూసుకోండమ్మా. అరికాలికి తగిలినప్పుడల్లా ఆఁ అనండి."

గదిలో చప్పుడు లేదు. కొంతసేపటికి ఆమే అడిగింది: "ఇంకా మొదలెట్టలేదా అండీ?"

అప్పటికి ఆరు చోట్ల తాకించారు. కోడలు మొహం తిప్పుకుంది.

చాలాకాలం అదుపు తప్పిన చక్కెర నరాల్ని దెబ్బతీస్తుంది. ఎక్కువమందిలో అది ముందు పాదాల్లోనే బయటపడుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష దగ్గర రెండు రోజుల ఉపవాసం పప్పులుడకలేదు. ఇక తిట్లు తప్పవని ఆమె తల వంచుకుంది. డాక్టరు మాత్రం రెండే ప్రశ్నలు అడిగారు. షుగరుతో బతకడమే మోయలేని బరువనిపిస్తోందా? మందూ పథ్యమూ ఎంత చేసినా ఓడిపోతున్నాననిపిస్తోందా?

ఆమె కట్ట తెగింది. "మాత్రదేముందండీ, మింగేస్తాం. ముద్ద ముద్దకీ లెక్కలండీ. తింటే తప్పు చేసినట్టుంటది. తినకపోతే ఎందుకు తినలేదో చెప్పాలి. దొంగతనం చేసినట్టు బతుకుతున్నానండీ."

ఈ బాధకు వైద్యంలో పేరుంది: డయాబెటిస్ డిస్ట్రెస్. అమెరికాలో విలియం పొలాన్‌స్కీ బృందం 1995లోనే దీన్ని కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. జబ్బును రోజూ మోసీ మోసీ వచ్చే విసుగూ భయమూ అపరాధభావమూ ఇది. డిప్రెషన్ వేరు. ఏ పని మీదా మనసు లేకపోవడం, నిద్రా ఆకలీ చెడిపోవడం రెండు వారాలు దాటితే దానికి విడిగా చికిత్స కావాలి.

దాచుకున్నది ఈమె ఒక్కతే కాదు. అమెరికా విదేశాంగ మంత్రిగా పనిచేసిన చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ కూతురు ఎలిజబెత్‌కు 1919లో, పదకొండేళ్లప్పుడు షుగరొచ్చింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. తిండి తగ్గించి ప్రాణం నిలపడమే వైద్యం. 1922 ఆగస్టులో టొరంటోలో, ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన బాంటింగ్ దగ్గరికి చేరేసరికి ఆ పిల్ల బరువు సుమారు 20 కిలోలు. ఇన్సులిన్ పడ్డాక కోలుకుంది, పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, 73 ఏళ్లు బతికి 1981లో పోయింది. తన జబ్బు సంగతి మాత్రం అతి కొద్దిమందికి తప్ప తెలియనివ్వలేదు. అయితే ఆమె జబ్బును దాచింది గానీ ఇన్సులిన్ మానలేదు. మన ఇల్లాలు దాచడం కోసం మందే సగం మానుకుంది.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. ఇంతమందికి ఉన్న జబ్బు ఒక్కొక్కరింట్లో పరువు సమస్య ఎందుకైంది? నేరం చేసినవాళ్లని నిలదీసినట్టు మనం మాట్లాడబట్టే.

ఆ ఇంట్లో మాట తీరు మార్చింది కోడలే. "ఎంతొచ్చింది?" అని అడగడం మానేసింది. "నేనేం చెయ్యమంటారు?" అని అడగడం మొదలెట్టింది. పెద్దావిడ చెప్పింది ఒక్కటే: "నా పళ్లెంలోకి చూడకండర్రా. రాత్రిపూట నా అరికాళ్లు చూసి పెట్టండి." ఆ పని భర్త తీసుకున్నాడు. పొయ్యి దగ్గర కోడలు కూర్చుంటోంది. అత్తగారు చెప్పులేసుకుని, మంటకు దూరంగా, రేకులకు నెయ్యి రాసి మడతలు పెడుతోంది.

అంతా చక్కబడిపోలేదు. సంక్రాంతి తర్వాత చక్కెర మళ్లీ పెరిగింది. "పండక్కి నాలుగు తిన్నానండీ" అని డాక్టరుకు తనే చెప్పింది. ఆయన మందు సరిచేశారు. ఈసారి కడుపు మాడ్చుకుని వెళ్లలేదు.

మొన్నొకాయన రావులపాలెం నుంచి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "షుగర్ ఫ్రీ ఉన్నాయా అండీ? మా ఆవిడకి..."

"ఉన్నాయండీ, ఆయ్. దానికి గుసగుసలెందుకు, నాకూ షుగరే!" అందామె, వీధిలోకి వినపడేలా. "పంచదార లేదు గానీ బియ్యమూ నెయ్యీ ఉన్నాయి కదండీ. ఒకటి తిని లెక్కలో రాసుకోమనండి. ఆవిడెలాగూ తింటారు, మీకు తెలిసేలా తిననివ్వండి."