సింహపురి తీరమున పంటయు, పంటకు జేరు విలువయు

నెల్లూరను పేరునకు వ్యుత్పత్తి చెప్పువారు రెండు తెఱగులుగా జెప్పుదురు. నెల్లి యనగా ఉసిరిక. ఆ చెట్టు క్రింద శివలింగము వెలసినందున నెల్లూరయ్యెనని స్థలపురాణము. నెల్లనగా అరవమున వరిధాన్యము. వరి పండు నూరు గావున నెల్లూరని మఱియొక మతము. ఏది నిర్ణయమైనను, తిక్కన సోమయాజి కాలమున విక్రమసింహపురి యని పేరుగాంచిన యీ పట్టణము నాడును నేడును వరిచేల నడుమనే యున్నది. ఈ వ్యాసమునకు గావలసినది శబ్దనిర్ణయము గాదు. ఈ తీరభూమియందు పుట్టిన వస్తువునకు విలువ యెచ్చట జేరినది, చేరిన విలువ యెవరి చేత నిలిచినది యనునదియే యిచట ప్రశ్నము. పంటకు విలువ జోడించుట, స్థానికాహారము, పల్లెపట్టులకు యాత్రికులను రప్పించుట యను మాట లిటీవల తఱచుగా వినబడుచున్నవి. మాటలు క్రొత్తవి, వ్యవహారము మాత్రము ప్రాతది.

మొదట వరిని విడిచి యిసుక నేలను జూతము. పులికాటు సరస్సు కడ డచ్చివారు 1613లో కోట గట్టిరి. దానికుత్తరమున దుగరాజపట్టణమున ఆంగ్లేయులు 1626 ప్రాంతమున వర్తకశాల నిలిపి, దాని నార్ముగామని పిలిచి, 1639 తరువాత చెన్నపట్టణమునకు మరలిపోయిరి. వీరిని రప్పించినది అద్దకపు గుడ్డ. ఆ గుడ్డకు ఎఱుపు నిచ్చునది చిరివేరు. తీరపు టిసుకలో నేలకంటి పెరుగు చిన్న మొక్క వేరది. దారమువలె సన్నముగా నుండి దిగువకు లోతుగా బోవును. శ్రీహరికోట యడవిలో యానాదులు తేనె, కుంకుడుకాయలు మొదలగువానితోపాటు ఈ వేరును గూడ త్రవ్వి సర్కారునకు జెల్లించి, బదులు ధాన్యము పొందెడివారు. త్రవ్వినవానికి దక్కినది కడుపునకు జాలిన గింజలు. రంగరి తొట్టిలో దానికి మొదటి విలువ జేరెను. ఓడ యెక్కిన పిదప నెన్నో రెట్లు విలువ పెరిగెను. 1869లో జర్మను రసాయనశాస్త్రజ్ఞులు మంజిష్ఠ రంగును తారునుండి చేయు విధము కనుగొన్నందున వేరుల వర్తకము క్షీణించెను. ఆ వేరును త్రవ్వువారికి వేఱొక విద్య నేర్పవలయునని యెవ్వరికిని దోచినట్లు కానరాదు.

ఇక వరి. పెన్నపై నెల్లూరి యానకట్ట 1855లో ముగిసెను. సంగము కడ రెండవది 1886లో ముగిసెను. ఈ రెండింటి స్థానమున నిర్మింపబడిన నూతన సేతుబంధములు 2022 సెప్టెంబరులో ప్రారంభింపబడినవి. పైనున్న సోమశిల జలాశయము 78 శతకోటి ఘనపుటడుగుల నీటిని పట్టును. ఈ నీటివలన కోవూరు, ఇందుకూరుపేట, అల్లూరు ప్రాంతములు ధాన్యాగారములైనవి. మొలగొలుకులను దీర్ఘకాలపు సన్నవడ్లు ఇచటి పేరుమోసిన పంట. నెల్లూరి వరిపరిశోధన స్థానము 1937లో నెలకొల్పబడి, అటుపిమ్మట పెక్కు వంగడములను వెలువరించినది. నెల్లూరు మసూరియను 34449వ సంఖ్య వంగడము వానిలో నొకటి.

మొలగొలుకులకు పేరు తెచ్చినది నేల యొక్కటియే కాదు, నిలువ గూడ. క్రొత్త బియ్యము ముద్దయగును. ఏడాది నిలిచిన బియ్యము ఒదిగి, మెతుకు విడివడి యుడుకును. కావున కలిగిన రైతు కళ్లమున ధాన్యము నమ్మక గాదెలయందును, గడ్డితాళ్లతో జుట్టిన పురులయందును నిలువజేసి, మఱుసటి వేసవికి విప్పెడివాడు. దినుసు మారలేదు, పని మిక్కిలి లేదు, ఓపిక మాత్రమే పెట్టుబడి. ఐనను ఆ ఓపిక అప్పులేనివానికే సాధ్యము. చేబదులు తెచ్చి నాటినవాడు కళ్లముమీదనే కొలిచి యిచ్చెడివాడు. నిలువవలన గలుగు లాభము అప్పిచ్చినవాని గాదెలోనికి బోయెడిది. తీరపు వ్యవసాయచరిత్రలో ఆనకట్టలకు దొరికిన ప్రాధాన్యము గాదెలకు దొరకకుండుట నా యభిప్రాయమున లోపమే.

దంపుడు సంగతియు నిట్టిదే. ఇతర జిల్లాలలో ధాన్యము బస్తాల లెక్కన నమ్ముడు పోవుచుండగా నెల్లూరిసీమలో నేటికిని పుట్టియే ప్రమాణము. పుట్టి యన 850 కిలోలు. పుట్టి తూముల మానము పోయి చాలకాలమైనను పేరు నిలిచియుండుట భాషాప్రియులు గమనింపదగినది. సర్కారు లెక్క ననుసరించి నూఱు పాళ్ల ధాన్యమునకు 67 పాళ్ల బియ్యము రావలయును. అనగా పుట్టికి రమారమి 570 కిలోల బియ్యము. మిగిలిన 280 కిలోలలో ఊకయు తవుడును నున్నవి. ఇంట రోకలితో దంచుకొన్న కాలమున తవుడు పాడియావునకును, నూకలు కోళ్లకును జావకును, ఊక పొయ్యికిని పోయెడివి. ఏదియు ఊరి పొలిమేర దాటెడిది గాదు. దంచిన స్త్రీలకు కూలిగా గింజలే ముట్టెడివి. మరలు వచ్చిన పిదప ధాన్యము నమ్మినవాడు ఈ ఉపవస్తువులను గూడ దానితోడనే యిచ్చివేయుచున్నాడు. తవుటియందు నూటికి 15 మొదలు 20 పాళ్లు నూనె గలదు. ఊకతో మరయొక్క ఆవిరి పుట్టుచున్నది. మరవలన స్త్రీల నడుము నొప్పి తీఱిన మాట నిజము. దానిని నిందించుట నా యుద్దేశము గాదు. ఒకనాడు పల్లెలోని పశువును, కోడిని, పొయ్యిని పోషించిన భాగము ధర నిర్ణయమున కనబడకుండ పోయినదని మాత్రము చెప్పవలసియున్నది.

బియ్యము పోయిన త్రోవ బకింగుహాము కాలువ. 1806లో చెన్నపట్టణము నుండి ఎన్నూరు వఱకు త్రవ్విన చిన్న కాలువ క్రమముగా నుత్తరమునకు సాగి, 1876 – 1878 నాటి ధాతుకరవున కూలివాండ్ర చేతులమీదుగా పెంపొంది, ఆనాటి గవర్నరు పేరు దాల్చి, పెదగంజాము కడ కృష్ణాకాలువలతో గలిసెను. శ్రీహరికోట కట్టెలు, తీరపు టుప్పు, గుల్లసున్నము, ధాన్యము పడవలపై దక్షిణమునకు సాగెడివి. రైళ్లును తుపానులును దానిని నిరుపయోగము చేసినవి. 1983లో తెలుగుగంగ యొడంబడిక జరిగి, 1996లో కృష్ణాజలము కండలేరుమీదుగా చెన్నపురి జలాశయమునకు జేరెను. అప్పుడు బియ్యము, ఇప్పుడు నీరు. త్రోవ మాఱినను దిక్కు మాఱలేదు.

ఉప్పును గుఱించి విస్తరింపను. 1805లో చెన్నపురి ప్రభుత్వము ఉప్పును తన గుత్తాధికారమున జేర్చుకొన్నందున ఇస్కపల్లి మొదలగు కొఠారులలో మళ్లు కట్టినవానికి విలువతో పనిలేక కూలితో పని గలిగెను. 1947లో పన్ను తొలగిన పిదపనైనను ఉప్పు ధర కొంచెమే.

రొయ్య కథ దీనికి భిన్నము. 1980వ దశకము చివర నుండి తీరపు వరిమళ్లు గుంటలైనవి. టైగరు రొయ్య కాసులు కురిపించెను. 1994లో తెల్లమచ్చ తెవులు తగిలి గుంటలు గుంటలుగానే యెండెను. ఉప్పునీరూరి మంచినీటి బావులు చెడినవని ప్రక్క రైతులు మొఱపెట్టిరి. 1996 డిసెంబరున సుప్రీముకోర్టు తీరపు హద్దులలోని గుంటలపై కఠినమైన తీర్పు నిచ్చెను. 2005లో శాసనమును, 2009లో వనామి రొయ్యకు అనుమతియు వచ్చినవి. తిరిగి గుంటలు నిండినవి. ఇందలి పెద్ద పంట పరదేశపు భోజనబల్లలకు పోవుచుండ, దాని గుణదోషములు మాత్రము నేలమీదనే మిగిలియున్నవి. వరికి ఏడాది యోపిక గావలసియుండగా, రొయ్యకు కొలదినెలలు చాలును; కావుననే అప్పుచేసినవానికి రొయ్య ముచ్చటగా దోచెను.

పేరు పోయిన వస్తు వొకటి గలదు. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా యేర్పడువఱకు నెల్లూరు జిల్లాలోనిది. అందుచేత ఆ ప్రాంతపు పశువులు ఓడ యెక్కి బ్రెజిలు చేరినప్పుడు నెల్లూరు పేరుతోనే చేరెను. 1868లో నొక జత బహియా రేవున నమ్ముడుపోయిన వృత్తాంతము ప్రసిద్ధము. నేడా దేశపు మాంసపశువులలో అధికభాగము నెలోరె జాతియే. ఆ పేరుచే నెల్లూరు రైతునకు దమ్మిడీ రాదు. కాని పుస్తకములయందు మనపేరు చూచి సంతసించువారికి కొదవలేదు.

తుదకు పక్షులు. సూళ్లూరుపేటకు సమీపమున నేలపట్టు చెరువు గలదు. నీట నిలిచిన కడపచెట్లపై గూడబాతులు, నత్తగుల్లకొంగలు గూళ్లు గట్టును. 1976లో దానిని సంరక్షణకేంద్రముగా ప్రకటించిరి. నెల్లూరిలో వైద్యుడుగా నుండిన జెర్డను 1862 – 64 నడుమ ప్రకటించిన భారతపక్షుల గ్రంథమున తెలుగు పేళ్లను గూడ నెక్కించెను. కర్ణాటకసీమలో నొక గ్రామము నడుమనే గూడబాతులు తరతరములుగా గూళ్లు పెట్టుటను, మనుష్యులకు వెఱవకుండుటను దాను జూచితినని అందు వ్రాసెను. అది యే గ్రామమో నిర్ణయింప బనిలేదు; ఆచారము మాత్రము నేలపట్టున నేటికిని ప్రత్యక్షము. పక్షులు వచ్చిన వర్షము వచ్చుననియు, రాకున్న పంట చెడుననియు గ్రామస్థుల నమ్మకము. నమ్మకమునకు క్రింద వ్యవసాయము గలదు. పక్షిరెట్ట కలిసిన చెరువునీరు క్రింది పొలములకు బాఱి ఎరువగును. కాబట్టి గూటిని కొట్టినవాడు ఊరి మడికి అపకారము చేసినవాడే. వేడుకకై చూడవచ్చువారు పుట్టకమునుపే ఈ పక్షులు ఊరికి పంటలో భాగస్వాములు.

2001 నుండి సూళ్లూరుపేటలో పక్షుల పండుగ జరుపుట ఆరంభమై, పులికాటు రాజహంసలను జూచుటకు చుట్టుప్రక్కలవారును దూరపువారును వచ్చుచున్నారు. భీమునివారిపాలెమున పడవ యెక్కుదురు. సర్కారు వేదికలు, దీపములు, పాటకచ్చేరులు మూడుదినములు శోభిల్లును. కాని పక్షులు నెలల తరబడి యుండును. చెరువు క్రింది రైతు ఏడాది పొడుగున నుండును. వచ్చినవారు మామిడికాయ వేసిన చేపల పులుసు పట్టణపు పూటకూళ్లలో దిని మరలిపోవుదురు. ఆ చెరువునీట పండిన బియ్యమును సంచిలో గట్టి, ఊరిపేరు వ్రాసి, వారి చేతికిచ్చు నంగడి యొక్కటి పక్షికేంద్రపు వాకిట నుండవలయునని నా యభిప్రాయము. పండుగకంటె దానికి ఖర్చు తక్కువ.

2022లో జిల్లాలను విభజించినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో జేరెను. గూడబాతులు మాత్రము ఎప్పటివలె ఋతుపవనము వెనుక వచ్చి, పిల్లలను లేపి, వేసవి ముదిరి చెరువు అడుగంటుసరికి వెడలిపోవుచున్నవి. అవి విడిచిన రెట్ట తరువాతి యేటి నాట్లకు నీటితో దిగుచున్నది.