మెగస్తనీసు ధూళికట్ట పేరు రాశాడా?

మొన్న పండక్కి ఊరికి పోయినప్పుడు మా అక్క కొడుకు బడి ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. విషయం ధూళికట్ట. మొదటి వాక్యమే "ఆంధ్రులకు 30 కోటలున్నాయని మెగస్తనీసు రాశాడు, అందులో మన ధూళికట్ట ఒకటి" అని. మా పెద్దపల్లి వైపు ఈ మాట వినని వాళ్ళు తక్కువ. నేనూ చిన్నప్పుడు ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నా. వాడు మాత్రం ఒక ప్రశ్న వేశాడు: "మామా, ఆ మెగస్తనీసు పుస్తకం ఏడ దొరుకుతది?"

దొరకదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మెగస్తనీసు క్రీ.పూ. 300 ప్రాంతంలో సెల్యూకస్ రాయబారిగా చంద్రగుప్త మౌర్యుడి దగ్గరికి వచ్చాడు, 'ఇండికా' అనే పుస్తకం రాశాడు. అంతవరకూ నిజం. కానీ ఆ పుస్తకం ఎప్పుడో పోయింది. తర్వాతి గ్రీకు, రోమన్ రచయితలు వాడుకున్న ముక్కలే మిగిలాయి. ష్వాన్‌బెక్ అనే జర్మన్ పండితుడు 1846లో వాటిని ఏరి ఒకచోట చేర్చాడు. 1877లో మెక్‌క్రిండిల్ ఇంగ్లీషులోకి తెచ్చాడు.

మరి 30 కోటల ముక్క ఎవరిది? ప్లినీది. క్రీ.శ. 77 ప్రాంతంలో ఆ రోమన్ రచయిత రాసిన 'నేచురల్ హిస్టరీ' ఆరో పుస్తకంలో ఉంది. 'అందరే' అనే బలమైన జాతికి బోలెడు ఊళ్ళు, గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు, లక్షమంది కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని ఆయన లెక్క. ఆ 30 పట్టణాల్లో ఒక్కదాని పేరూ చెప్పలేదు. ఈ వాక్యం మెగస్తనీసుదని కూడా అక్కడ లేదు. కొంచెం ముందు మాత్రం, మన రాజుల దగ్గర ఉండి వాళ్ళ బలగాల సంగతులు రాసిన వాళ్ళలో మెగస్తనీసు పేరెత్తుతాడు. దాన్ని పట్టుకుని ఇదీ ఆయనదే అయ్యుంటుందని పండితులు అనుకున్నారు. సబబైన ఊహే. కానీ ఊహే.

ఇంకో తమాషా ఏంటంటే, ఈ విషయంలో ప్లినీ మహా పట్టింపు మనిషి. 37 పుస్తకాల్లో మొదటిదాని నిండా విషయసూచిక, ఏ పుస్తకానికి ఎవరెవరి రచనలు వాడుకున్నాడో ఆ పేర్లు. పాతవాళ్ళ రాతల్ని మాటకి మాట ఎత్తి రాసి పేరు చెప్పని వాళ్ళని ముందుమాటలో బాగానే వాయించాడు. ఆరో పుస్తకం జాబితాలో మెగస్తనీసు ఉన్నాడు. కానీ ఏ వాక్యం ఎవరిదో లేదు. మన భాషలో చెప్పాలంటే కంట్రిబ్యూటర్ల జాబితా ఉంది, ఏ లైను ఎవరిదో చెప్పే కమిట్ లాగ్ లేదు :)

ఇక ధూళికట్ట సంగతి. 1970లలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే మట్టికోట, ఇటుక కట్టడాలు, శాతవాహన నాణేలు బయటపడ్డాయి. బౌద్ధస్తూపం, ముచిలింద నాగు చెక్కిన సున్నపురాతి పలకలు కూడా దొరికాయి. ఇవి చాలవా? మెగస్తనీసు సాక్ష్యం లేకపోతే ధూళికట్టకి వచ్చిన లోటేమీ లేదు. లోటు ఇంకోచోట వస్తుంది. మన ప్రాంతం చరిత్రని ఎవరూ పట్టించుకోలేదని మనం వాదిస్తుంటాం. వాదన మధ్యలో ఎవడో వెతికి "మెగస్తనీసు అలా రాయలేదు" అని తేల్చాడనుకోండి, వాడు అక్కడితో ఆగడు. మట్టికోటని కూడా కట్టుకథల్లో కలిపేస్తాడు. లేని ఆధారం చూపించినందుకు ఉన్న ఆధారం పోతుంది.

అందుకే ఆ ఒక్క వాక్యాన్ని మూడు చేయించా. ఒకటి: ఆంధ్రులకు కోటగోడలున్న 30 పట్టణాలున్నాయని ప్లినీ రాశాడు, అది మెగస్తనీసు నుంచి తీసుకున్నదని పండితుల అభిప్రాయం. రెండు: ధూళికట్ట తవ్వకాల్లో మట్టికోట బయటపడింది. మూడు: ఆ 30లో ఇదొకటి కావచ్చునన్నది మన ఊహ. పుస్తకంలో చదివింది, మట్టిలో దొరికింది, మనం అనుకున్నది... మూడూ వేర్వేరు. ఆధారం చూపించడమంటే నా దృష్టిలో వీటిని కలగాపులగం చేయకపోవడమే. పుస్తకాల పేర్లు చివర్లో వరసగా పేరిస్తే సరిపోదు.

వాడు బుద్ధిగా రాసుకున్నాడు గానీ మొహంలో అనుమానం పోలేదు. "మామా, సార్ మార్కులు కట్ చేస్తే?"

చేస్తే చేయనీ. సార్‌ని కూడా ఆ పుస్తకం ఏడ దొరుకుతదో అడగమన్నా.