అన్నం తగ్గించే ముందు: తక్కువ పిండిపదార్థాల ఆహారానికి ఉన్న చరిత్ర

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో మధుమేహం ఉన్నవారి నోట ఇటీవలి సంవత్సరాలలో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. "అన్నం మానివేసి, కొవ్వు ఎక్కువగా తింటే షుగరు పోతుందట కదా, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చునా?" ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో జవాబు చెప్పడం సరికాదు. ఈ ఆహార పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర దీనికి ఉన్నది. ఆ చరిత్రను కొంత తెలుసుకుంటే, మొదలుపెట్టే ముందు ఏమి చేయాలో మీకే స్పష్టమవుతుంది.

ముందుగా మన కంచం సంగతి చూద్దాం. కాలువలు రాకముందు ఈ ప్రాంతపు సామాన్య కుటుంబాలలో రోజూ వరి అన్నం తినగలిగినవారు తక్కువ. జొన్నరొట్టె, జొన్న గట్క, మక్క గట్క, అంబలి, వాటికి తోడు పప్పో, పచ్చిపులుసో, తొక్కో ఉండేది. వరి అన్నం పండుగనాడు, చుట్టాలు వచ్చిననాడు వండుకునే వంట. 1963 జులై 26న పోచంపాడు వద్ద గోదావరిపై ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే నేటి శ్రీరాంసాగర్. కాకతీయ కాలువ నీరు జగిత్యాల ప్రాంతపు పొలాలకు చేరిన తరువాత జొన్నచేలు క్రమంగా వరి మడులయ్యాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం తెచ్చింది. నీరు లేని ఊళ్లలో కూడా, కూలికి పోయే ఇంటిలో కూడా, వరి అన్నం నిత్యభోజనమైంది. జగిత్యాల పక్కన పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన 'జగిత్యాల సన్నాలు' వంటి రకాలు సన్నబియ్యాన్ని మన ఊళ్లకు మరింత చేరువ చేశాయి.

ఇది ఆకలిని జయించిన కథ. దానిని చులకన చేయరాదు. అయితే అదే కాలంలో మన పని తీరు కూడా మారింది. కోరుట్లలో, సిరిసిల్లలో వేలాది మంది స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, ఉదయం నుంచి రాత్రి వరకు కూర్చుని బీడీలు చుట్టారు. సిరిసిల్లలో చేతిమగ్గం స్థానంలో మరమగ్గం, అనగా సాంచా, వచ్చింది. నాగలి స్థానంలో ట్రాక్టరు వచ్చింది. నడిచే దారిలో ఆటో వచ్చింది. ఒంటికి శ్రమ తగ్గింది, కంచంలో తెల్లని అన్నం పెరిగింది. ఈ రెండూ ఒకే తరంలో జరిగాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. "పూర్వులు జొన్నలు తిన్నారు కనుక పిండిపదార్థాలు తినలేదు" అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. వంద గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థాలు సుమారు 78 గ్రాములు. వంద గ్రాముల జొన్నలలో సుమారు 68 గ్రాములు. తేడా పెద్దది కాదు. పీచు విషయంలో మాత్రం తేడా ఉంది: బియ్యంలో సుమారు 3 గ్రాములుంటే జొన్నలలో 10 గ్రాములు. పూర్వులను కాపాడినవి వారి శ్రమ, ఆ పీచు, తక్కువగా దొరికిన తిండి. పైగా జొన్న భోజనం లోపం లేనిదీ కాదు. దాదాపు జొన్న మీదనే బతికిన పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించేది. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, మతిభ్రమ దాని లక్షణాలు. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ వ్యాధిని పరిశోధించారు. జొన్నలో ల్యూసిన్ అధికంగా ఉండటం దీనికి కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. కనుక ఏ ఒక్క ధాన్యమూ అమృతం కాదు, ఏ ఒక్క ధాన్యమూ విషం కాదు.

ఇప్పుడు వైద్య చరిత్రకు వద్దాం. తీపి మూత్రపు వ్యాధిని మన ఆయుర్వేద గ్రంథాలు మధుమేహమని పిలిచాయి. ప్రమేహ రోగికి బియ్యం కంటె యవలు, వాటితోపాటు శారీరక శ్రమ మేలని చరకసంహిత చెప్పింది. ఐరోపాలో 1797లో జాన్ రోలో అనే సైనిక వైద్యుడు మెరిడిత్ అనే సైనికాధికారికి పిండివంటలు మాన్పించి, ప్రధానంగా మాంసం, కొవ్వు పెట్టి, మూత్రంలో చక్కెర తగ్గినట్లు ప్రకటించాడు. 1863లో లండనులో విలియం బాంటింగ్ అనే వ్యక్తి స్థూలకాయంపై ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అంత్యక్రియల ఏర్పాట్లు చేయడం ఆయన వృత్తి. రొట్టె, చక్కెర, బీరు, ఆలుగడ్డ మాని ఆయన సుమారు 46 పౌండ్లు, అనగా దాదాపు 21 కిలోలు తగ్గాడు. ఇక్కడ ఒక విశేషం గమనించండి. ఆయన మానిన వాటిలో వెన్న కూడా ఉన్నది. పిండి తగ్గించడమంటే కొవ్వు పెంచడమని ఆనాడు అర్థం లేదు.

కొవ్వు ప్రధానమైన ఆహారం వేరే దారిలో వచ్చింది. ఉపవాసం ఉంటే మూర్ఛలు తగ్గడం వైద్యులు గమనించారు. ఉపవాసంలో శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారు చేసుకుంటుంది. ఉపవాసం లేకుండానే ఆ స్థితిని తెచ్చేందుకు 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రస్సెల్ వైల్డర్ కొవ్వు అధికంగా, పిండిపదార్థాలు అత్యల్పంగా ఉన్న ఆహారాన్ని ప్రతిపాదించి, దానికి 'కీటోజెనిక్' అని పేరు పెట్టాడు. అది మూర్ఛ రోగుల కోసం, వైద్యుల కంటి ముందు ఇచ్చిన చికిత్స.

దాదాపు ఆ కాలంలోనే మధుమేహం ఉన్న పిల్లలకు ఫ్రెడరిక్ ఆలెన్ వంటి వైద్యులు ఆహారాన్ని తీవ్రంగా కోసివేసి, మరికొన్ని నెలల ఆయువు పోసే ప్రయత్నం చేశారు. ఆ పిల్లలు ఎముకల గూళ్లయ్యేవారు. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి ఇన్సులిన్ ఇచ్చారు. దానితో ఆ యుగం ముగిసింది. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్‌ది కూడా బాంటింగ్ ఇంటిపేరే కావడం చిత్రం. 1950ల మధ్యలో షుగరు మాత్రలు వచ్చాయి. ఆహారం ఒక్కటే మందుగా ఉన్న కాలం పోయింది.

ఈ వ్యాసంలో నేను మీకు ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడే ఉంది. రోలో రోగి గాని, విలియం బాంటింగ్ గాని ఈ ఆహారం మొదలుపెట్టినప్పుడు వారి ఒంట్లో షుగరు మాత్ర లేదు, ఇన్సులిన్ లేదు, బి.పి. మాత్ర లేదు. మీరు మొదలుపెట్టేటప్పుడు అవన్నీ ఉంటాయి. పాత కథలలో విజయాలు కనిపిస్తాయి. ఈ ప్రమాదం మాత్రం కనిపించదు, ఎందుకంటే అది ఆనాడు లేదు.

2017, 2018 సంవత్సరాలలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపివేసింది. ఆయన వైద్యులు కారు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, మల్టీవిటమిన్ మాత్రలు ఆ పద్ధతికి మూలస్తంభాలు. సభలు కిక్కిరిశాయి, కొబ్బరినూనె గిరాకీ పెరిగింది, టీవీలలో వైద్యులకూ ఆయన అనుయాయులకూ వాదాలు జరిగాయి. బరువు తగ్గినవారు, షుగరు తగ్గినవారు నిజంగానే ఉన్నారు. ఆ మాట కాదనడం సత్యం కాదు. అయితే మందులను స్వయంగా ఆపివేసి ఆసుపత్రి పాలైనవారూ, మందులు ఆపకుండా తిండి ఆపి కళ్లు తిరిగి పడిపోయినవారూ ఉన్నారు. ఆ వాదాలలో "ఈ ఆహారం మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్నే మోగింది. "ఏ మాత్ర వేసుకుంటున్నవారు మొదలుపెడుతున్నారు" అన్న ప్రశ్న మరుగున పడింది.

ఆ మందులు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి. ఇవి తిన్న అన్నానికి సరిపడా చక్కెరను దించేందుకు లెక్కగట్టి ఇచ్చినవి. అన్నం సగమై మందు పూర్తిగా ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, ఆకలి, తికమక, స్పృహ తప్పడం దాని గుర్తులు. రాత్రి షిఫ్టులో నడుస్తున్న సాంచాల మధ్య నిలబడిన కార్మికుడికి, దుబాయిలో ఎత్తయిన కట్టడం మీద పనిచేసే మన కోరుట్ల యువకుడికి అది ప్రాణాంతకం కావచ్చు.

రెండవది డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి. ఇవి చక్కెరను మూత్రంలో పంపివేస్తాయి. వీటితోపాటు పిండిపదార్థాలను బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు మితిమీరి, రక్తం ఆమ్లమయ్యే స్థితి రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే ఈ మందుల విషయంలో కీటోన్ల ప్రమాదం గురించి హెచ్చరించింది. ఇందులోని మోసం ఏమిటంటే, ఇంటిలోని గ్లూకోమీటరు చక్కెరను దాదాపు మామూలుగానే చూపవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే "షుగరు బాగానే ఉంది కదా" అని ఊరకుండరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, తాను తింటున్న ఆహారం, వేసుకుంటున్న మాత్ర రెండూ చెప్పాలి. 2020లో డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిసి ధర బాగా దిగింది. ఆ ఉద్యమం సాగిన 2018లో అరుదుగా కనిపించిన ఈ మాత్ర నేడు చిన్న పట్టణాల మందుల చీటీలలోనూ మామూలైంది. కనుక ఆనాటి అనుభవం చెప్పి ఈనాడు ధైర్యపడటం తగదు.

మూడవది బి.పి. మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించేవి. పిండిపదార్థాలు తగ్గిన మొదటి వారంలో శరీరం నీటిని, ఉప్పును ఎక్కువగా వదులుతుంది. ఆ వారంలో తగ్గే బరువులో అధికభాగం నీరే. బి.పి. పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు.

మరి శాస్త్రం ఈ దారిని మూసివేసిందా? లేదు. 2017లో బ్రిటన్‌లో ప్రకటించిన 'డైరెక్ట్' అధ్యయనంలో, ఆరేళ్లలోపు మధుమేహం ఉండి ఇన్సులిన్ వాడనివారిలో, కఠినమైన ఆహార నియమం పాటించిన బృందంలో 46 శాతం మందికి ఏడాది నాటికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. అయితే అది పిండిపదార్థాలు తగ్గించిన ఆహారం కాదు. మొత్తం కెలోరీలను తగ్గించినది. అక్కడ షుగరు, బి.పి. మాత్రలను మొదటిరోజునే వైద్యబృందం స్వయంగా ఆపి పర్యవేక్షించింది. మన దేశంలో ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనాల ప్రకారం మనవారి శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నది. దానిని 50 శాతం దరిదాపులకు దించి, మాంసకృత్తులను 20 శాతానికి పెంచితే మేలని 2022లో ఒక విశ్లేషణ సూచించింది. గమనించండి, అన్నాన్ని సున్నా చేయమని అది చెప్పలేదు.

కనుక మొదలుపెట్టదలచినవారు ఈ క్రమం పాటించండి. ముందుగా మూడు నెలల సగటు షుగరు, క్రియాటినిన్, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకొని, మీ మాత్రల పట్టీలన్నీ చేతపట్టుకొని వైద్యుని వద్దకు వెళ్లండి. ఏది తగ్గించాలో, ఏది ఆపాలో ఆయన చెప్పిన తరువాతనే కంచం మార్చండి. మొదటి రెండు వారాలు చక్కెర చాయలు, తీపి, రాత్రి అన్నంలో సగం తగ్గించండి. ఖాళీ అయిన చోట శనగ, పెసర, అలసంద గుడాలు, గుడ్లు, చేపలు, పెరుగు, ఆకుకూరలు నింపండి. పల్లీలు, నువ్వులు గుప్పెడు చాలు. గుడాలలోనూ కొంత పిండి ఉంటుంది, కనుక వాటికీ కొలత ఉండాలి. అన్నానికి బదులు నాలుగు జొన్నరొట్టెలు తింటే పిండి తగ్గదని మరువకండి. నూనె తాగడం అవసరం లేదు. వంద గ్రాముల నూనెలో 900 కెలోరీలున్నాయి. ఇంట్లో గ్లూకోమీటరుతో రోజూ చూసుకోండి. మొదటి రకం మందు వాడేవారు పనికి పోయేటప్పుడు జేబులో చక్కెర ఉంచుకోండి.

టైప్ 1 మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల లేక కాలేయ వ్యాధి ఉన్నవారు, క్లోమవాపు వచ్చినవారు, పిల్లలు ఇటువంటి ఆహారాన్ని స్వయంగా ఎన్నడూ మొదలుపెట్టరాదు. దుబాయిలో, సౌదీలో ఉన్న మన బిడ్డలకు కూడా ఈ మాట చెప్పండి. ఫోనులో వీడియో చూసి క్యాంపు గదిలో ఒంటరిగా మొదలుపెట్టేవారు వారిలో ఉన్నారు. అర్ధరాత్రి కళ్లు తిరిగితే వారి పక్కన మనవారు ఉండరు.

విలియం బాంటింగ్ పుస్తకం చదివి ఎందరో ఆయనను అనుసరించారు. ఆయన మాత్రం ఆ ఆహారం తనకు సూచించినది విలియం హార్వే అనే వైద్యుడని కృతజ్ఞతతో రాసుకున్నాడు. అంటే ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు కూడా వైద్యుని సలహాతోనే మొదలుపెట్టాడు. మీరు కూడా అలాగే మొదలుపెట్టండి. మందుల పట్టీలు మాత్రం తప్పక వెంట తీసుకువెళ్లండి.