సొరచేపల సంరక్షణ: ట్యూనా కంపెనీల కొనుగోలు నియమాలు

ట్యూనాను డబ్బాల్లో అమ్మే కంపెనీలు తాము కొనే చేపను ఏ ఓడ, ఎలా పట్టిందో ఆరా తీసి, సొరలకు హాని చేసే ఓడల సరుకు కొనకుండా ఉండడం ఈ శతాబ్దంలో స్థిరపడిన పద్ధతి. దీనికి మూలం రెక్కల వ్యాపారం. చైనీయుల విందుల్లో వడ్డించే సూపు కోసం సొర రెక్కలు కోసి, మొండేన్ని తరచు ప్రాణం ఉండగానే సముద్రంలో పారేసేవారు. మాంసానికి ధర తక్కువ, ఓడలో చోటుకు విలువ ఎక్కువ.

1999లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సొరల కోసం అంతర్జాతీయ ప్రణాళిక తెచ్చింది. 2000లో అమెరికా, 2005లో హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ రెక్కల కోతను నిషేధించాయి. అయితే రెక్కల బరువు ఒంటి బరువులో 5 శాతం మించకపోతే చాలన్న తొలి నిబంధన బలహీనమైనది: విడిగా దించిన రెక్క ఏ సొరదో ఎవరు తేల్చగలరు? 2013లో యూరప్, భారత్ రెండూ సొరను రెక్కలతో సహా ఒడ్డుకు తేవాలన్నాయి.

2009లో పెద్ద ట్యూనా కంపెనీలు, శాస్త్రవేత్తలు, ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కలిసి ఇంటర్నేషనల్ సీఫుడ్ సస్టైనబిలిటీ ఫౌండేషన్‌ను స్థాపించారు. రెక్కలు కోసే ఓడల నుంచి కొనరాదన్నది దాని సభ్య కంపెనీలకు నియమం. అంతకన్నా విలువైన పని తెప్పల విషయంలో జరిగింది. ట్యూనాలను ఆకర్షించడానికి సముద్రంలో వదిలే తెప్పల కింద పాత వలలు వేలాడదీసేవారు. వాటిలో చిక్కి హిందూ మహాసముద్రంలోనే ఏటా 4.8 లక్షల నుంచి 9.6 లక్షల సిల్కీ సొరలు చనిపోతున్నాయని 2013లో ఒక అధ్యయనం అంచనా వేసింది. చచ్చినవి వలలోంచి జారి మునిగిపోతాయి కనుక ఏ ఓడ లెక్కలోకీ రాలేదు. కంపెనీలు వల లేని తెప్పలు వాడే ఓడలనే ఎంచుకోసాగాయి. 2019లో హిందూ మహాసముద్ర కమిషన్ కూడా తెప్పలకు వల వాడరాదని తీర్మానించింది.

రెక్కల కోతను ఆపితే సొర బతుకుతుందన్న ఆశ మాత్రం ఫలించలేదు. 2012లో సుమారు 7.6 కోట్లుగా ఉన్న వేటలో సొరల మరణాలు 2019కి 8 కోట్లకు పెరిగాయని 2024లో వెలువడిన పరిశోధన తేల్చింది. మొత్తం సొరను ఒడ్డుకు తేవాల్సి రావడంతో మాంసానికీ గిరాకీ పెరిగింది.

భారత ప్రభుత్వం 2001 జులైలో సొరలు, టేకు చేపలన్నిటికీ రక్షణ కల్పించి, మత్స్యకారుల ఆందోళనతో డిసెంబరుకల్లా కొన్ని జాతులకే పరిమితం చేసింది. 2015లో రెక్కల ఎగుమతిని నిషేధించింది. ఆంధ్ర తీరంలో సొరను మాంసం కోసం పడతారు, సొర పుట్టు వండుకుంటారు. ఆ మాంసం దేశంలోనే అమ్ముడవుతుంది కనుక విదేశీ కంపెనీల షరతులు దీనికి వర్తించవు.