లూథరన్ మిషనరీల విదేశయాన సన్నాహం

విదేశాల్లో సువార్త సేవకు వెళ్లే లూథరన్ పాస్టర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు స్వదేశం విడిచే ముందు పొందే శిక్షణను, చేసుకునే ఏర్పాట్లను కలిపి విదేశయాన సన్నాహం అనవచ్చు. బైబిలు చదువు, సంఘం ఎదుట పరీక్ష, అభిషేకం ఇందులో మొదటి నుంచీ ఉన్నాయి. వెళ్లబోయే దేశపు భాష, వైద్యం, చేతిపనులు మాత్రం పంపే సంఘాన్ని బట్టి, కాలాన్ని బట్టి చేరుతూ, జారిపోతూ వచ్చాయి. తెలుగువారికి ఈ చరిత్రతో దగ్గరి సంబంధమే ఉంది. గుంటూరు, రాజమండ్రి, నెల్లూరు, సాలూరు ప్రాంతాలకు వచ్చిన మిషనరీలు వేర్వేరు చోట్ల వేర్వేరు పద్ధతుల్లో తయారై వచ్చినవారు. తెలుగు అక్షరాల్లో తొలి పుస్తకాలు అచ్చయిన ఊరు కూడా మిషనరీలను తయారుచేసిన హాలె నగరమే.

తొలి ప్రయత్నాలు

లూథర్ కాలం తరువాత సుమారు నూట యాభై ఏళ్లపాటు లూథరన్ సంఘాలకు విదేశీ సేవ గురించి పెద్ద ఆలోచన లేదు. అయినా 1559లో స్వీడన్ రాజు గుస్తావ్ వాసా ఉత్తరాది సామీ ప్రజల మధ్య పని మొదలుపెట్టించాడు. 1643లో యోహాన్ కంపానియస్ అనే స్వీడిష్ పాస్టరు అమెరికాలోని డెలవేర్ నదీ తీరపు స్వీడిష్ వలసకు వెళ్లి, అక్కడి ఆదివాసుల భాష నేర్చుకుని, లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని అందులోకి మార్చాడు. ఆయనకు ముందస్తు శిక్షణ ఏదీ లేదు. శిక్షణ కావాలని మొదట గట్టిగా అడిగినవాడు యుస్టీనియన్ ఫాన్ వెల్ట్స్. విశ్వవిద్యాలయాల్లో మిషనరీల కోసం ప్రత్యేక కళాశాలలు పెట్టి తూర్పు దేశాల భాషలు, భూగోళం నేర్పాలని 1664లో జర్మన్ లూథరన్ పెద్దలకు విన్నవించాడు. వారు తోసిపుచ్చారు. వెల్ట్స్ తానే దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లి అక్కడే కన్నుమూశాడు. ఆయన కోరినది నలభై ఏళ్ల తరువాత హాలెలో వేరే రూపంలో నెరవేరడం మొదలైంది.

హాలె శిక్షణ

ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే 1698లో హాలెలో అనాథాశ్రమానికి పునాది వేశాడు. దాని చుట్టూ బడులు, ముద్రణాలయం, మందుల తయారీశాల, పుస్తకాల దుకాణం వెలిశాయి. 1702లో తూర్పు దేశాల భాషల కోసం ఒక విద్యాశాఖ కూడా ఏర్పడింది. విశ్వవిద్యాలయంలో వేదాంతం చదివే కుర్రవాళ్లు ఈ బడుల్లో పాఠాలు చెప్పి భోజనం సంపాదించుకునేవారు. వారిలో ఎవరికి ఓర్పు ఉంది, పిల్లలతో ఎవరు కలిసిపోతారు, పేదరికానికి ఎవరు తట్టుకుంటారు అన్నది ఫ్రాంకేకు కళ్లెదుటే కనబడేది. మిషనరీల ఎంపికకు ఇది నమ్మకమైన పద్ధతి.

అయితే మొదటి ఇద్దరికి ఆ తీరిక దొరకలేదు. డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ తన వర్తక స్థావరమైన తరంగంబాడికి మిషనరీలను పంపాలనుకుని జర్మనీలో వెతికించగా, హాలెలో చదివిన బార్తలోమ్యూస్ సీగెన్‌బాల్గ్, హైన్రిష్ ప్లూచౌ దొరికారు. ఎంపికైన కొన్ని వారాలకే వారు కోపెన్‌హేగన్ చేరారు. అక్కడి బిషప్ బోర్నెమన్ పరీక్షించి, వీరు తగరని తేల్చాడు. రాజు ఆజ్ఞతో మళ్లీ పరీక్ష జరిగింది. 1705 నవంబరు 11న అభిషేకం పొంది, ఆ నెలాఖరునే ‘సోఫియా హెడ్విగ్’ ఓడ ఎక్కారు. తమిళంలో ఒక్క మాటా రాదు. 1706 జూలై 9న తరంగంబాడిలో దిగాక సీగెన్‌బాల్గ్ బడిపిల్లల పక్కన కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దాడు. పోర్చుగీసు వచ్చిన స్థానిక ద్విభాషి దగ్గర మాటలు నేర్చాడు, తాటాకు గ్రంథాలు సేకరించి చదివించుకున్నాడు. 1715 నాటికి తమిళ కొత్త నిబంధన అచ్చులో ఉంది.

ఆ అనుభవం సన్నాహపు తీరునే మార్చేసింది. సీగెన్‌బాల్గ్ 1714లో యూరప్ తిరిగి వెళ్లేటప్పుడు మలైయప్పన్ అనే తమిళ యువకుణ్ణి వెంట తీసుకువెళ్లాడు. ఇద్దరూ ఓడలో, హాలెలో కూర్చుని చేసిన పని ఫలితంగా లాటిన్‌లో తమిళ వ్యాకరణం 1716లో హాలెలో వెలువడింది. కొత్తగా వెళ్లేవారికి ఓడ ఎక్కకముందే చేతిలో పట్టుకోవడానికి ఒక పుస్తకం ఏర్పడింది. 1714లో కోపెన్‌హేగన్‌లో మిషన్ వ్యవహారాలకు రాజు ఒక మండలిని నియమించాడు. అప్పటి నుంచి దారి స్థిరపడింది: హాలెలో ఎంపిక, చదువు, కోపెన్‌హేగన్‌లో పరీక్ష, అభిషేకం, చాలామందికి ఆపై లండన్‌లో క్రైస్తవ జ్ఞాన ప్రచార సంఘం వారి వీడ్కోలు, ఇంగ్లిష్ కంపెనీ ఓడలో ప్రయాణం. దినచర్య రాసి హాలెకు పంపడం ప్రతి మిషనరీకి విధి. ఆ రాతలు 1710 నుంచి వరుసగా అచ్చై, తరువాత బయలుదేరే వారికి పాఠ్యపుస్తకాలయ్యాయి.

శిక్షణలో వైద్యానికీ చోటు దొరికింది. 1730లో వైద్యుడు ష్లెగెల్‌మిల్హ్‌ను హాలె తరంగంబాడికి పంపింది. చేరిన ఏడాదే ఆయన చనిపోయాడు. రెండేళ్లకు ఆయన స్థానంలో క్నోల్ వచ్చాడు.

తెలుగువారికి ముఖ్యుడు బెంజమిన్ షుల్జె. 1719లో తరంగంబాడి చేరిన ఈయన మద్రాసుకు మారాక తెలుగు నేర్చుకున్నాడు. 1728 నాటికి లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిలును తెలుగులోకి మార్చే పని సాగించాడు. ఆ వ్యాకరణం రెండున్నర శతాబ్దాలు రాతప్రతిగానే ఉండి 1984లో హాలెలో వెలుగు చూసింది. 1743లో భారతదేశం విడిచి హాలె చేరిన షుల్జె విశ్రాంతి కోరలేదు. లూథర్ చిన్న ప్రశ్నోత్తరితో సహా కొన్ని తెలుగు పుస్తకాలను 1746, 1747 సంవత్సరాల్లో అక్కడే అచ్చు వేయించాడు. కొత్త విద్యార్థులకు తమిళం నేర్పాడు. ఆ విద్యార్థుల్లో ఒకడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్స్. తమిళ బైబిలు అచ్చుపనికి సాయంగా కూర్చోబెట్టిన ఆ యువకుడు 1750 జూలైలో తరంగంబాడిలో దిగేనాటికే తమిళం చదవగలడు. కొన్ని నెలలకే తమిళంలో ప్రసంగించాడు. అక్షరం రాకుండా దిగిన సీగెన్‌బాల్గ్‌కూ, చదవడం వచ్చి దిగిన ష్వార్ట్స్‌కూ మధ్య నలభై నాలుగేళ్లు. హాలె సాధించిన గొప్ప విజయం అదే.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి జర్మన్ విశ్వవిద్యాలయాల్లో హేతువాదం బలపడి, హాలెలో మిషనరీ సేవకు ముందుకు వచ్చేవారు తగ్గిపోయారు.

పండితులా, పల్లెటూరివారా

1800లో బెర్లిన్‌లో పాస్టరు యెనికే చిన్న బడి తెరిచాడు. అక్కడ తయారైనవారిని ఎక్కువగా ఇంగ్లిష్ సంఘాలు తీసుకున్నాయి. తిరునల్వేలిలో పనిచేసిన రేనియస్, చైనా తీరంలో తిరిగిన గుట్స్‌లాఫ్ ఆ బడివారే. తరువాత లూథరన్ సంఘాలు సొంతంగా పంపడం మొదలుపెట్టినప్పుడు ఒక వాదం లేచింది. మిషనరీకి విశ్వవిద్యాలయ విద్య తప్పనిసరా?

తప్పనిసరే అన్నవాడు కార్ల్ గ్రౌల్. 1836లో డ్రెస్డెన్‌లో ఏర్పడిన మిషన్‌కు 1844లో డైరెక్టరై, 1848లో దాన్ని లైప్‌జిగ్‌కు తరలించాడు. మిషనరీలు విశ్వవిద్యాలయంలోనే చదవాలన్నది ఆ తరలింపు ఉద్దేశం. ఆయన 1849లో బయలుదేరి భారతదేశం తిరిగి 1853లో వెనక్కి వెళ్లాడు. తమిళ గ్రంథాలు ప్రచురించాడు, తిరుక్కురళ్‌ను జర్మన్‌లోకి అనువదించాడు. ప్రజల సాహిత్యం చదవనివాడు వారితో మాట్లాడలేడన్నది ఆయన నమ్మకం.

లూనెబుర్గ్ మైదానాల్లోని హెర్మన్స్‌బుర్గ్ పాస్టరు లూయీ హార్మ్స్ దారి వేరు. 1849లో ఆయన తెరిచిన సెమినరీలో మొదట చేరిన పన్నెండు మందిలో ఎక్కువమంది రైతుబిడ్డలు. వారికి లాటిన్, గ్రీకు పునాదులు లేవు. హార్మ్స్ తమ్ముడు థియోడర్ సెమినరీకి పెద్దగా ఉండి బైబిలు, సంఘ సిద్ధాంతం, సంఘ చరిత్ర చెప్పేవాడు. చదువుతో పాటు పొలం పని, చేతిపని తప్పనిసరి. కొత్త దేశంలో ఇల్లు కట్టుకుని, పంట పండించుకుని, ఊరంతా కలిసి జీవించి చూపాలన్నది ఆలోచన. ఓడ కిరాయిల బెడద లేకుండా ‘కందకే’ అనే సొంత ఓడ కట్టించాడు. 1853 అక్టోబరులో ఎనిమిది మంది మిషనరీలు, ఎనిమిది మంది చేతివృత్తులవారు, రైతులు అందులో తూర్పు ఆఫ్రికాలోని ఒరోమో ప్రజల కోసం బయలుదేరారు. అక్కడ అడుగుపెట్టనివ్వకపోవడంతో నటాల్‌లో దిగి 1854లో మరో హెర్మన్స్‌బుర్గ్ నెలకొల్పారు.

హెర్మన్స్‌బుర్గ్ పని 1865లో తెలుగు నేలకు చేరింది. దానికి నాయకుడు ఆగస్ట్ మిలియస్. లైప్‌జిగ్ మిషన్‌లో పనిచేసి వచ్చిన ఈయనలో రెండు పద్ధతులూ కలిశాయి. నాయుడుపేట మొదలుకొని నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలకు విస్తరించిన ఆ స్థావరాల నుంచే తరువాత దక్షిణాంధ్ర లూథరన్ సంఘం రూపొందింది. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుంలో పాస్టరు యెన్సెన్ 1876లో తెరిచిన మరో సెమినరీ కోరాపుట్, సాలూరు ప్రాంతాలకు మనుషులను పంపింది.

నార్వేలో స్టావాంగర్ మిషన్ బడి 1843లో, ఫిన్లాండ్‌లో హెల్సింకీ బడి 1862లో మొదలయ్యాయి. హెల్సింకీ బడి నుంచి మార్టి రౌతానెన్ 1870లో నేటి నమీబియాలోని ఒవాంబోలాండ్ చేరాడు.

అమెరికా నుంచి గుంటూరుకు

గుంటూరులో ఫాదర్ హయ్యర్‌గా నేటికీ తలుచుకునే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. పద్నాలుగో ఏట ఫిలడెల్ఫియా చేరాడు, అక్కడా గ్యోటింగెన్‌లోనూ వేదాంతం చదివాడు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా పెన్సిల్వేనియా, మేరీల్యాండ్, ఇండియానా ప్రాంతాల్లో గుర్రం మీద తిరుగుతూ చెదిరిన వలస కుటుంబాలను సంఘాలుగా కూర్చాడు. భారతదేశం వెళ్లమని పిలుపు వచ్చేనాటికి నలభై ఏడేళ్లవాడు, భార్యను పోగొట్టుకున్నవాడు. ఆ వయసులో బాల్టిమోర్‌లో కూర్చుని సంస్కృతమూ వైద్యమూ మొదలుపెట్టాడు. 1841 అక్టోబరులో బోస్టన్‌లో ‘బ్రెండా’ ఓడ ఎక్కి, మరుసటి మార్చిలో కొలంబో చేరాడు. అక్కడి నుంచి తరంగంబాడి, మద్రాసు, నెల్లూరు మీదుగా 1842 జూలై 31న గుంటూరు వచ్చాడు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు.

రోగుల మధ్య తన చదువు చాలదని అనుభవం చెప్పింది. 1846లో స్వదేశం వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్య విద్య పూర్తిచేసి, 1847లో యాభై నాలుగో ఏట ఎం.డి. పట్టా పుచ్చుకున్నాడు. తిరిగి వచ్చి గుంటూరులోనూ, పల్నాడులో గురజాల కేంద్రంగానూ పనిచేశాడు. రాజమండ్రి స్థావరం చేజారిపోతుందన్న వార్త విని 1869లో డెబ్బై ఆరేళ్ల వయసులో మళ్లీ బయలుదేరాడు. ఎప్పటికి సిద్ధం కాగలవని సంఘం అడిగితే ఇప్పుడే సిద్ధమన్నాడని సంఘ చరిత్రలు చెబుతాయి. సూయజ్ కాలువ ఆ ఏడాదే తెరుచుకుంది. అంతకు ముందు అమెరికా నుంచి వచ్చేవారు గుడ్ హోప్ అగ్రం చుట్టి నెలల తరబడి సముద్రం మీద గడపవలసి వచ్చేది. భాషా పుస్తకాలు చదువుకోవడానికి ఆ నెలలు పనికివచ్చేవి.

దిగాక మున్షీ (భాష నేర్పే స్థానిక పండితుడు) దగ్గర కూర్చోవడం సన్నాహంలో రెండో భాగం. తెలుగు పరీక్ష గట్టెక్కేదాకా కొత్త మిషనరీకి పెద్ద బాధ్యతలు అప్పగించేవారు కాదు. ఈ మున్షీల పేర్లు మిషన్ నివేదికల్లో అరుదుగా కనబడతాయి. కానీ హాలె పండితులు గానీ, అమెరికాలోని గెట్టీస్‌బర్గ్ సెమినరీ పండితులు గానీ నేర్పలేనిది వీరే నేర్పారు.

స్త్రీలు

చాలాకాలం స్త్రీలు మిషనరీ భార్యలుగానే వచ్చారు. వారికి వేరే శిక్షణ ఉండేది కాదు. 1879లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా పొందిన ఆనా కుగ్లర్, నారిస్‌టౌన్ ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో పనిచేసి, గుంటూరుకు దరఖాస్తు పెట్టుకుంది. వైద్య సేవకు మిషన్ బోర్డు అప్పటికి ఒప్పుకోలేదు. ఆడపిల్లలకు, ఇల్లు దాటని స్త్రీలకు చదువు చెప్పే పనికి కుగ్లర్ ఒప్పుకుని, వైద్య పరికరాలు పెట్టెలో పెట్టుకుని 1883లో వచ్చింది. రోగులు గుమ్మం దగ్గర బారులు తీరారు. 1885లో బోర్డు ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. అమెరికాలో సేకరించిన విరాళాలతో కట్టిన ఆసుపత్రి నేటికీ గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రిగానే ప్రసిద్ధం. వృత్తి విద్య పూర్తిచేసుకుని వచ్చిన స్త్రీ ఏం చేయగలదో ఆమె చూపింది. ఆమె బాటలో మరెందరో వైద్యులు, నర్సులు వచ్చారు.

ఇరవయ్యో శతాబ్దం, ఆ తరువాత

1906లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో మిషన్ వైద్యానికి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. హాంబుర్గ్‌లో, లూథరన్ పాస్టరుగా జీవితం మొదలుపెట్టిన కార్ల్ మైన్‌హోఫ్ ఆఫ్రికా భాషలు బోధించాడు. 1910 ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సమావేశంలో ఒక కమిషన్ పూర్తిగా మిషనరీల సన్నాహం మీదనే నివేదిక ఇచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను అహ్మద్‌నగర్‌లో నిర్బంధించి ‘గోల్కొండ’ ఓడలో స్వదేశానికి పంపేసింది. హెర్మన్స్‌బుర్గ్ తెలుగు స్థావరాలు అమెరికాలోని ఒహాయో సినడ్ చేతికి వచ్చాయి. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడ్డాక బాధ్యతలు క్రమంగా తెలుగు పాస్టర్లకు మారాయి. స్వాతంత్ర్యం తరువాత వీసా నిబంధనలు బిగిసి, విదేశీయుల రాక తగ్గింది.

ఇప్పుడు జీవితాంత సేవకు బదులు కొన్నేళ్ల ఒప్పందాలు ఎక్కువ. ఆరోగ్య పరీక్ష, మానసిక స్థితి పరిశీలన, వెళ్లే దేశపు సంస్కృతి పాఠాలు, స్థానిక సంఘం నుంచి ఆహ్వానం ఉండాలి. కొన్ని అమెరికన్ సంఘాల్లో మిషనరీయే ఊరూరా సంఘాలను కలిసి తన ఖర్చులకు మద్దతు కూడగట్టుకోవాలి. హెర్మన్స్‌బుర్గ్ మిషన్ సెమినరీ 2012లో మూతపడి, దాని స్థానంలో వివిధ సంస్కృతుల మధ్య వేదాంతాన్ని బోధించే ఉన్నత విద్యాసంస్థ వచ్చింది. స్టావాంగర్ బడి 2016లో వి.ఐ.డి. విశ్వవిద్యాలయంలో కలిసింది. ఒకప్పుడు రైతుబిడ్డలు ఆఫ్రికాకు తయారైన హెర్మన్స్‌బుర్గ్‌కే ఆ తరువాత ఆఫ్రికా, ఆసియా దేశాల విద్యార్థులు చదువుకోవడానికి వచ్చారు.